కాంతం పెట్ట అంటే పెట్టే

"ఏమేవ్, నీ పెట్ట కూస్తోంది, వచ్చి విను!" పెరట్లోంచి వెంకట్రాజు నవ్వుతూ కేకేశాడు.

కాంతం కత్తిపీట వదిలేసి వచ్చింది. గోధుమరంగు కోడిపిల్ల మెడ సాచి మళ్ళీ కూసింది. గొంతు పగిలి కూత సగంలో తెగింది. ఆరు వారాలప్పుడు దాన్ని చేతిలోకి తీసుకుని పెట్ట అని తేల్చింది తనే. ఉంగుటూరు చుట్టుపక్కల పెట్టో పుంజో అని ఎవరికి అనుమానం వచ్చినా పిల్లను కాంతం దగ్గరికే తెస్తారు. ముప్పై ఏళ్ళలో ఆవిడ చెప్పింది ఒక్కసారీ తప్పు కాలేదు.

"పోనీలే, ఆదివారం కూరొండేద్దాం," అన్నాడు వెంకట్రాజు.

"ఇదొక్కటే అయితే పోనీ అనుకోవచ్చండీ. దీంతోపాటు పుట్టినవే మూడు ఇందుజగారికి ఇచ్చాను. మూడూ పెట్టలే అని చెప్పాను."

ఇందుజ తాడేపల్లిగూడెంలో టీచరు. మేడమీద అద్దెకుంటోంది. కోళ్ళు పెంచుకోవచ్చు గానీ కూత వినబడితే ఇల్లు ఖాళీ చెయ్యాలని ఇంటావిడ ముందే చెప్పింది. అందుకే పిల్లల్ని తీసుకునేటప్పుడు ఇందుజ రెండుసార్లు అడిగింది. "నాదీ పూచీ," అంది కాంతం.

కూర పొయ్యిమీద పెట్టకుండానే బస్సెక్కింది. సీటు దొరికినా కుదురుగా కూర్చోలేకపోయింది. నాటు పిల్లల్లో అయితే ఆరు వారాలకి పుంజు నెత్తిమీది తురాయి ఎర్రబడుతుంది, కాళ్ళు లావెక్కుతాయి. వీటినీ అలాగే చూసింది. కానీ వీటి తండ్రి బాంటమ్ అనే పొట్టి జాతి పుంజు. నెత్తిమీద ఈకల కుచ్చు, కింద శనగబద్దంత తురాయి. తండ్రి పోలికొస్తే ఎరుపు ఎక్కడ కనబడుతుంది? ఆ ముక్క అప్పుడెందుకు తట్టలేదు?

"రండి పిన్నిగారూ! చెప్పకుండా వచ్చారేంటండీ?" అంది ఇందుజ తలుపు తీసి.

"కూశాయా?"

"లేదండీ. ఏం, కూస్తాయా?"

కాంతం కోళ్ళున్న డాబామీదికి నడిచింది. నల్లదాన్ని పట్టుకుని, తోక మొదట్లో ఈకలు వేలితో విడదీసింది. పెట్టకైతే ఆ ఈకల చివర్లు గుండ్రంగా ఉండాలి. దీనికి సూదుల్లా మొలిచాయి.

"ఇది పుంజమ్మా. నేను తప్పు చెప్పాను."

"మీరా!" అని నవ్వబోయి, ఆవిడ ముఖం చూసి ఆగిపోయింది ఇందుజ. "పొద్దున్న ఇంటావిడ అడిగారండీ, పైన ఏదో కీచుమంటోందని. తలుపు కిర్రుమందేమో అన్నాను. మరి మిగతా రెండూ?"

కాంతం ఒకదాన్ని ఎత్తింది. పాత ఈకలు గుండ్రంగానే ఉన్నాయి. కొత్తవి ఇంకా మొలకల్లోనే ముడుచుకుని ఉన్నాయి. ఎండకి తిప్పి చూసింది. దించి, రెండోదాన్ని ఎత్తింది. మళ్ళీ మొదటిదాన్నే పట్టుకుంది.

"మీరు పెట్టలే అనండి పిన్నిగారూ, ఉంచేసుకుంటాను."

"అనలేనమ్మా," అంది కాంతం. "ఇంకో మూడు వారాలు పోతేగానీ నాకు తెలీదు. అందాకా మూడూ మా పెరట్లో ఉంటాయి. బుట్టేదైనా ఉంటే ఇవ్వండి."