ఒక్కసారి నొక్కితే చాలు

చోడవరం బస్‌స్టాండు వెనక, డాబా మీద గదిలో కూర్చుని కీర్తి చేసే ఉద్యోగమేమిటో ఇరుగుపొరుగుకి ఈనాటికీ అంతు చిక్కలేదు. కంప్యూటర్‌ని లోపలినుంచి నడిపించే కెర్నల్ అనే ప్రోగ్రాంలో తప్పులు దిద్దుతుంది. వాడనప్పుడు పరికరాలు కరెంటు తినకుండా నిద్రపోవాలి, పిలవగానే లేవాలి. కొన్ని మొండివి లేవవు. వాటిని లేపడమే ఆమె పని.

కింద గదిలో తల్లి అచ్చియ్యమ్మ. ఎడమవైపు పక్షవాతం వచ్చి ఏడాదైంది. గట్టిగా పిలవలేని మనిషి కనక, కీర్తి మంచం పక్కన చిన్న కంప్యూటర్ పెట్టి దానికో మీట తగిలించింది. నొక్కితే పైన గంట మోగాలి. కరెంటు పోయినా బ్యాటరీ నిలవాలని మీటని కూడా నిద్రపుచ్చింది. మొదట్లో అది లేవక మొరాయిస్తే కెర్నల్‌లో తప్పు వెతికి దిద్దింది. టైలరు పని చేసే తండ్రి సత్తిబాబు పదిసార్లు నొక్కి చూశాడు. పదిసార్లూ మోగింది. ఇంకేం, గెలిచాననుకుంది.

మర్నాడు మధ్యాహ్నం అన్నం పెట్టడానికి దిగితే పక్క తడిసి ఉంది. అచ్చియ్యమ్మ మొహం గోడకి తిప్పుకుంది.

"మీట నొక్కలేదేటమ్మా?"

"నొక్కేనమ్మా, ఒకసారి. పనిలో ఉన్నావేమోననుకున్నాను."

"మళ్ళీ నొక్కొచ్చు కదే!"

"ఇసుక్కుంటావని..."

కీర్తికి ఏడుపు ఆగలేదు. పక్క మార్చి, తల్లి ఒళ్ళు తుడిచి, కొట్టునుంచి తండ్రిని పిలిపించి మళ్ళీ నొక్కమంది. ఈసారి ఆయన చేతినే చూసింది. ముందు మీటని మెత్తగా ఓసారి తట్టాడు, ఆ తర్వాతే నొక్కాడు.

"అదేటి నాన్నా, ముందలా తట్టేవు?"

"మిషను తొక్కేముందు సక్రం సేత్తో తిప్పనా? నలభై ఏళ్ళ అలవాటు, గుంటా."

ఆ తట్టుకే మీట లేచిపోతోంది కనక ఆయన నొక్కితే మోగుతోంది. తట్టకపోతే మొదటి నొక్కుకి మీట లేస్తోంది, అంతే. ఆ నొక్కు గంటదాకా చేరడం లేదు. ఒకసారే నొక్కి ఊరుకునే మనిషికి తప్ప ఆ లోపం ఎవరికీ కనబడదు.

మూడు రోజులు కూర్చుని, మీట లేచేదాకా ఆ మొదటి నొక్కుని కెర్నల్ దాచి ఉంచేలా దిద్దింది. తట్టకుండా నొక్కడం తండ్రికి నేర్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఎవరు లోపం చెప్పారో, ఎవరు పరీక్షించారో దిద్దుబాటు అడుగున పేర్లు రాయడం ఆ పనివాళ్ళ ఆనవాయితీ. పరీక్షించినది సత్తిబాబు అనీ, లోపం చెప్పినది అచ్చియ్యమ్మ అనీ రాసి, తల్లికి చదివి వినిపించింది.

"నానేటి సెప్పేనే? ఊరుకున్నాను గదా."

"ఇంక ఊరుకోకమ్మా," అంది కీర్తి.

మర్నాడు గంట ఒక్కసారి మోగింది. కీర్తి రెండేసి మెట్లు దిగుతూ పరిగెత్తింది.

"ఏటమ్మా, ఏటైంది?"

"ఏటీ లేదు," అంది అచ్చియ్యమ్మ, కుడిచెయ్యి చాపుతూ. "నిన్ను సూడాలనిపించింది."