నాన్న గంజి తాగేసిన బూజు

ఆ రోజుల్లో మా వైపు మగవాళ్ల పరువంతా గంజిలో ఉండేది. పొలమెంత, పిల్లలేం చదివారు లాంటివన్నీ తర్వాతి సంగతి, ముందు పంచె నిలబడాలి. మా నాన్న వీధిలోకి వస్తుంటే మనిషి కంటే ముందు పంచె చప్పుడు వినపడేది, ఫెళఫెళమని. ఆ చప్పుడు వెనక ఎవరి రెక్కలు విరుగుతున్నాయో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. అమ్మ రోజూ అన్నం వార్చిన గంజి దాచి, మళ్లీ కాచి, వడగట్టి, చెయ్యి పెట్టగలిగేంత వెచ్చగా అయ్యాక తెల్లబట్టలు ముంచి, పిండి, దులిపి, ఎండలో ఆరేసేది. (బట్టలు బయట ఉతుక్కి వేస్తే గంజి పలచన చేస్తారని నాన్నకి అనుమానం.) ఇంత చేసినా పొద్దున్నే దండకం తప్పేది కాదు. "ఏమే, ఇది గంజా, కుడితా? మీ దివిసీమ వాళ్లకి గంజి పెట్టడం ఈ జన్మకి రాదు!" ఆ మాట ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది. అమ్మ మాత్రం పల్లెత్తు మాట అనేది కాదు. ఆవిడ అనకపోవడం చూస్తే ఇంకా మండేది.

నేనప్పుడు బందరులో మైక్రోబయాలజీ డిగ్రీ వెలగబెట్టి, గుడివాడలో ఒక సబ్బుపొడి కంపెనీలో కెమిస్టుగా చేరాను. (కంపెనీ అంటే ఒక రేకుల షెడ్డు, పొడి కలిపే మిషను ఒకటి, ప్యాకెట్లు కట్టే నలుగురు ఆడవాళ్లు, రోజంతా తుమ్ములు.) మా ఊరు ఆ రెండింటి మధ్య రైలు దారిలోనే ఉంది కాబట్టి పొద్దున ప్యాసింజర్లో వెళ్లి సాయంత్రం వచ్చేదాన్ని. ఆ ఉద్యోగమంటే నాకు ప్రాణం. నాన్నకి గిట్టదు. "ఆడపిల్ల సబ్బులమ్ముకోవడమేంటి, నలుగురూ ఏమనుకుంటారు?" అని ఒకటే సణుగుడు. అమ్మడం కాదు నాన్నా, తయారు చెయ్యడం అని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నా ఆయన చెవికెక్కేది కాదు. ఏదో ఒక వంక దొరికితే చాలు, మానిపించేద్దామని కాచుక్కూర్చున్నాడు.

ఇంతలో టీవీలో పెద్ద కంపెనీల వాళ్లు ఎంజైములు, ఎంజైములు అని ఊదరగొడుతుంటే మా ఓనరుగారికీ ఆ సరదా పుట్టింది. హైదరాబాదు నుంచి ఒక డబ్బా తెప్పించారు. ఆ ఎంజైము కోసం ఒక రకం బూజుని పనిగట్టుకుని పెంచి, అది వదిలే రసాన్ని తీసి, పొడి చేస్తారు. బూజుకి నోరూ పళ్లూ లేవు కదా, ఆ రసంతోనే అన్నంలోని పిండి పదార్థాన్ని నీళ్లలా కరిగించి తాగుతుంది. చొక్కా మీద అన్నం మరకలకీ, పిల్లల మూతి తుడిచిన చీరచెంగులకీ అదే మందు. కొత్తగా కలిపిన పొడి ఒక పొట్లం నా చేతికిచ్చి, "ఇంట్లో వాడి చూసి చెప్పమ్మా" అన్నారు ఓనరుగారు. నేను ఎగురుకుంటూ తెచ్చి అమ్మకిచ్చాను.

అవి కాలువలు కట్టేసిన వేసవి రోజులు. (కృష్ణా నీళ్లు తాగే వాళ్లమని మాకు పేరు గొప్ప! ఎండాకాలం వస్తే బిందెడు నీళ్లకి జుట్లు పట్టుకోవడమే.) బోరు నీళ్లు ఉప్పు కషాయం. చెరువు నుంచి మోసుకొచ్చిన నీళ్లే వాడుకోవాలి. మామూలప్పుడైతే నీళ్లు తేటగా వచ్చేదాకా బట్టలు జాడించే అమ్మ, ఆ రోజు కొత్త పొడితో ఉతికి, ఒక్కసారి ముంచి తీసి, ఆ బకెట్లోనే గోరువెచ్చని గంజి పోసి, నాన్న పంచెలూ లాల్చీలూ అన్నీ ఒకేసారి ముంచేసింది. ఇంకేముంది, పొడిలోని రసానికి పండగ!

మర్నాడు నాన్న నీటి సంఘం ప్రెసిడెంటు పదవికి నామినేషను వెయ్యాలి. పంచె విప్పితే వాడిన తోటకూర కాడలా వేలాడింది. ఇంకోటి తీస్తే అదీ అంతే. టైము లేక, తిట్టుకుంటూ అదే కట్టుకుని వెళ్లాడు. ఆయన్ని చప్పుడు లేకుండా నడవగా ఊళ్లో ఎవరూ చూసి ఎరగరు. "ఏం మావయ్యగారూ, ఒంట్లో బాగోలేదా?" అని ఒకరు. "జ్వరమా బాబాయ్? ఈ ఎండలో మీకెందుకండీ ఈ తిరుగుడు?" అని ఇంకొకరు. సాయంత్రానికి నాన్న మంచం పట్టాడని ఊరంతా పాకింది. పోటీకి నిలబడ్డాయన స్వయంగా బత్తాయిలు పట్టుకుని పరామర్శకి వచ్చాడు. (తినలేక కాదు, కడుపుమంట కొద్దీ నాన్న ఒక్క బత్తాయీ ముట్టలేదు.)

ఆయన అటు వెళ్లగానే ఇంటి కప్పు లేచిపోయింది. "ఇన్నేళ్ల కాపరంలో గంజి పెట్టడం రాలేదు గానీ మొగుడి పరువు తియ్యడం మాత్రం వచ్చింది!" అని అమ్మ మీద విరుచుకుపడ్డాడు. నాకు తిక్కరేగింది. రెండు గాజు గ్లాసుల్లో వెచ్చటి గంజి పోసి, ఒకదాంట్లో చిటికెడు ఆ పొడి కలిపి ఆయన ముందు పెట్టాను. కాసేపాగి వంచితే ఒక గ్లాసులోది చిక్కగా జారింది, రెండోది కుళాయి నీళ్లలా పడింది. "చూడు నాన్నా! అమ్మ తప్పేం లేదు. ఈ పొడిలో మందుంది, అది నీ గంజిని తాగేసింది. దాన్ని బూజు నుంచి తీస్తారు" అన్నాను. గంజి గురించి చెప్పి ఊరుకోవాల్సింది.

"బూజా! జాడీలో పడితే పచ్చడే పారబోస్తామే, అది తెచ్చి నా పంచెలకి పూస్తారా తల్లీకూతుళ్లు!"

"మరి ఆ పెన్సిలిన్ ఇంజక్షను దేంట్లోంచి వచ్చిందనుకుంటున్నావు? అది పొడిపించుకున్నప్పుడు లేదా ఈ రోషం?" అని నేనూ గొంతు చించుకున్నాను.

"నోర్ముయ్! రేపట్నుంచి గుడివాడా లేదు, రైలూ లేదు. ఉద్యోగం బంద్!"

నాకు ఏడుపొచ్చింది, కోపంతో. అప్పటిదాకా వంటింటి గుమ్మంలో నిలబడ్డ అమ్మ చేతిలోని గరిటె కింద పెట్టింది. "సరే, దాన్ని మానిపించండి. నేనూ మానేస్తున్నాను" అంది.

"నీకేం ఉద్యోగం ఉందే మానెయ్యడానికి?"

"గంజి."

 గంజి కాయడమేమన్నా బ్రహ్మవిద్యా అని మర్నాడు నాన్నే పొయ్యి దగ్గర చేరాడు. గంజి మాడింది, ఉండలు కట్టింది. ఆరేసిన పంచెకి మెతుకులు అంటుకుంటే కాకులు బంధువుల్ని పిల్చుకొచ్చాయి. మడతలు ఒకదానికొకటి అతుక్కుపోయి, విప్పబోతే పంచె పర్రున చిరిగింది. అమ్మ తల తిప్పి చూడలేదు. అన్నం పెట్టింది, కాఫీ ఇచ్చింది, గంజి మాత్రం రోజూ గేదె కుడితిలో పోసేసింది. నేను గదిలో మొహం ముడుచుకుని కూర్చున్నాను, ఉద్యోగం పోయిందన్న దిగులుతో అన్నం సయించక.

చివరికి ఒక పొద్దున నాన్న ముడతల పంచెతో గుమ్మంలో నిలబడి, "ఏంటమ్మాయ్, ఇంకా కదలవేం? రైలు టైమవుతోంది" అన్నాడు, మధ్యలో ఏమీ జరగనట్టు. స్టేషను దాకా వచ్చాడు కూడా. ఆ తర్వాత అమ్మ ఓపికున్న రోజు గంజి పెట్టేది, లేని రోజు లేదు. కుడితి అన్న మాట మళ్లీ వినలేదు. (నీటి సంఘానికి నాన్నే గెలిచాడు. జబ్బు మనిషని జాలిపడి వేశారని గిట్టనివాళ్లంటారు.)

నాన్న స్టేషనులో దింపిన ఆ రోజు రైల్లో కిటికీ పక్కన కూర్చుని, సైన్సు ముందు నాన్నంతటి వాడు తలొంచాడని ఎంత పొంగిపోయానో! పక్క సీటు పిన్నిగారికి గ్లాసుల కథ గుడివాడ దాకా చెప్పాను. ఆవిడ అంతా విని, "మీ అమ్మగారు గట్టి మనిషేనమ్మా" అంది. కథ అర్థం కాలేదు పాపం అనుకుని, గ్లాసుల సంగతి మళ్లీ మొదటి నుంచి అందుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ వెర్రి కెమిస్టుని చూసి నవ్వొస్తుంది. గొడవ జరిగిన ఆ సాయంత్రం నాన్న నా గ్లాసుల వంక అసలు చూడనే లేదు. అమ్మ కిందపెట్టిన గరిటె వంకే చూస్తూ ఉండిపోయాడు.