వెనక పెట్టిన పొయ్యి

పోయిన వారం శుక్రవారం పొద్దున మా మామగారు పోయారు. ఆస్పత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసి, "నాన్న ఈజ్ గాన్" అని ఊరుకున్నాడు. అప్పుడు నేను గరాజ్‌లో ఉన్నాను. పెద్దాయన కిందటేడు ఆకులు రాలే కాలంలో నా మీద కోపంతో విసిరికొట్టిన పానా ఇంకా బల్ల కిందే పడి ఉంది. మీరు విసిరారు కాబట్టి మీరే తియ్యాలని నేను, తియ్యను గాక తియ్యనని ఆయన. ఆ రోజు వంగి నేనే తీశాను.

ఆదివారం కమ్యూనిటీ హాల్లో సంతాప సభ పెట్టారు. ఒకాయన లేచి వారు సౌమ్యులన్నాడు. ఇంకొకాయన మితభాషి, ఎవరినీ నొప్పించి ఎరగరన్నాడు. పోయినవాళ్ళందరూ మంచివాళ్ళేనని పెద్దలు ఊరికే అనలేదు. మూడో ఆయన "కోడల్ని కన్నకూతురిలా చూసుకున్నారు" అనేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి మైకు లాక్కుందామనుకున్నాను. అత్తయ్యగారు నా చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చోబెట్టారు. అందుకని అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. మీకు సౌమ్యులూ మితభాషులూ కావాలంటే ఇక్కడితో ఆపేయండి.

మా మామగారిది పెద్ద నోరు. డెబ్బైల్లో డెట్రాయిట్ వచ్చి, రిటైరయ్యేదాకా కార్లకి సైలెన్సర్లు తయారుచేసే కంపెనీలో ఇంజనీరుగా పనిచేశారు. ఊళ్ళో కార్లన్నిటికీ సైలెన్సర్ పెట్టిన మనిషి తన నోటికి పెట్టుకోవడం మర్చిపోయారు. డెట్రాయిట్ పక్కనే ట్రాయ్‌లో ఉన్న మా ఇంటికి ఎవరొచ్చినా నన్ను చూపించి, "మా కోడలు. కంప్యూటర్ చూస్తుంది" అనేవారు. నేను మెకానికల్‌లో మాస్టర్స్ చేశాను. ఇంజిన్‌కి ఏ క్షణంలో ఎంత పెట్రోలు పోయాలో, ఎప్పుడు నిప్పు రవ్వ వెయ్యాలో నిర్ణయించడం నా ఉద్యోగం. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలిసే అనేవారు.

కార్ల కంపెనీలు కుదేలై ట్రాయ్‌లో సగంమంది ఇంజనీర్లు ఇళ్ళల్లో కూర్చున్న చలికాలంలో నా ఉద్యోగమూ పోయింది. పగలంతా ఇంట్లో ఆయనా నేనూ ఎదురెదురుగా. ఉప్పూ నిప్పూ ఒకే డబ్బాలో పెట్టినట్టే. టీలో పంచదార దగ్గర్నుంచి హీటరు ఎంతలో పెట్టాలన్నదాకా ప్రతిదానికీ యుద్ధం. ఆ బాధ పడలేక నేను గరాజ్‌లోకి వెళ్ళి, సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్న నా రెండు తలుపుల కారుకి టర్బో పెట్టుకుందామని మొదలుపెట్టాను.

తెలియనివాళ్ళకి చెబుతాను. ఇంజిన్‌లోంచి బయటికి పోయే వేడి పొగతో ఒక చిన్న చక్రాన్ని తిప్పి, ఆ తిప్పుడుతో ఇంజిన్‌లోకి మామూలు కంటే ఎక్కువ గాలి కుక్కడమే టర్బో. మామూలుగా దాన్ని ఇంజిన్‌ని ఆనించే పెడతారు. నా కారు బానెట్ కింద చెయ్యి దూరే చోటు లేదు. అందుకని వెనక డిక్కీ కింద, సైలెన్సర్ ఉండే చోట పెట్టి, అక్కణ్ణించి గాలిని పొడుగాటి గొట్టంలో ముందుకి తెచ్చుకోవాలనుకున్నాను. వీధుల్లో తిరిగే కార్లకి అలా చేసినవాళ్ళున్నారు. నేను కనిపెట్టింది కాదు.

ఆయన గుమ్మంలో నిలబడి అంతా విన్నారు.

"పొయ్యి వీధి గదిలో వెలిగించి అన్నం పెరట్లో వండుతావా? పొగ అక్కడికి పోయేసరికి చల్లారి చస్తుంది" అన్నారు.

"చల్లారకుండా గొట్టానికి కాలని గుడ్డ చుడతాను" అన్నాను.

"సైలెన్సర్ ఏం చేస్తావు?"

"తీసేస్తాను."

ఆయన మొహం చూడాలి. ఆయన జీవితమంతా చేసిన వస్తువుని పీకి అవతల పారేస్తానన్నాను మరి. "నువ్వు నడిపే ఆ బండి నేను చచ్చినా ఎక్కను. నా కాళ్ళు పనిచేసినన్నాళ్ళూ నీ పక్కన కూర్చోను, రాసిపెట్టుకో" అని చెవి మిషన్ తీసి జేబులో వేసుకున్నారు. ఆయనకి చెముడు. మిషన్ తీసేశారంటే ఇక ఆ విషయం మీద అవతలివాళ్ళు మాట్లాడేది ఏమీ లేదని అర్థం. ఎంత అవమానమో అనుభవిస్తే గానీ తెలియదు. ఆ రోజే నేనూ మనసులో అనుకున్నాను, ఈ ముసలాయన్ని ఈ కార్లో నా పక్కన కూర్చోబెట్టకపోతే నేను ఇంజనీర్ని కాదని.

మర్నాడు లేచేసరికి ఆయన కారు కింద పడుకుని ఉన్నారు. నేను పిలవలేదు. "నీకు వెల్డింగ్ రాదు" అన్నారు. నిజమే, రాదు. గొట్టాలన్నీ ఆయనే అతికారు. చిన్న సైలెన్సర్ ఒకటి ఎక్కడో ఇరికించి మరీ అతికారు. నేను తీసెయ్యమంటే మిషన్ తీసేశారు.

వెనక పెట్టిన టర్బోతో ఒక చిక్కుంది. అది బాగా కిందకి ఉంటుంది కాబట్టి దానిలోకి వెళ్ళిన ఆయిలు తనంతట తాను ఇంజిన్‌కి తిరిగి రాదు. చిన్న మోటారు పెట్టి తోడాలి. ఇంజిన్ ఆపాక కూడా మిగిలిన ఆయిలంతా లాగేదాకా ఆ మోటారు కాసేపు గుయ్యిమంటూ తిరిగేలా వైరింగ్ చేశాం. అది ఆగేదాకా ఆయన గరాజ్ వదిలేవారు కాదు. ఆ గుయ్యి ఆయన చెవులకి అందదు. డిక్కీ మీద అరచెయ్యి ఆనించి నిలబడేవారు. కాసేపటికి నా వైపు తిరిగి "ఆగిందా?" అనేవారు. నేను "ఆగింది" అని గట్టిగా అరిచాకే చెయ్యి తీసేవారు. అన్నేళ్ళలో ఆయన నా మాట నమ్మింది ఆ ఒక్క విషయంలోనే.

బండి మొదటిసారి స్టార్టయిన రోజు అత్తయ్యగారు పూజ చేయాలన్నారు. చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్ మీద పసుపూ కుంకుమా, కొబ్బరికాయ, అన్నీ సవ్యంగా జరిగాయి. నేను లోపల కూర్చుని ఇంజిన్ రేస్ చేస్తున్నాను. ఆయన వెనక వంగి, టర్బో తిరగడం కళ్ళారా చూడాలని గాలి ఫిల్టర్ ఊడదీసి చేతిలో పట్టుకున్నారు. అందరి కార్లూ ముందు నుంచి గాలి పీలుస్తాయి. మాది వెనక నుంచి పీలుస్తుంది. ఆవిడకేం తెలుసు? "శుభం" అంటూ డిక్కీ మీద గుప్పెడు అక్షింతలు చల్లారు. సగం డిక్కీ మీద పడ్డాయి. సగం టర్బో మింగేసింది.

ఆ చప్పుడు ఆయనకి కూడా వినిపించింది.

"ఇంజిన్ ఆపకుండా పూజ ఎవరు చేయమన్నారు?" అని నా మీద ఎగిరారు.

"ఫిల్టర్ ఎవరు పీకమన్నారు?" అని నేను ఎగిరాను.

మా ఆయన ఇక్కడే పుట్టి పెరిగినవాడు, తెలుగు అంతంతమాత్రం. గొడవంటే భయం. "నాన్న, ప్లీజ్, నైబర్స్ వింటున్నాడు" అంటూ గరాజ్ తలుపు కిందకి దించేశాడు. అత్తయ్యగారు ఖాళీ పళ్ళెంతో అలాగే నిలబడిపోయారు. విప్పి చూస్తే టర్బో చక్రం రెక్కల అంచులు వంగిపోయి ఉన్నాయి. గొట్టం పొడుగునా పచ్చటి నూక. మొత్తం దింపి, కడిగి, చక్రం మార్చేదాకా మేమిద్దరం మాట్లాడుకోలేదు. ఏదన్నా కావలిస్తే ఆయన గోడకి చెప్పేవారు, నేను అత్తయ్యగారికి చెప్పేదాన్ని. కానీ ఒకటి చెప్పాలి. ఆ రోజు ఆయన భార్యని పల్లెత్తు మాట అనలేదు. బండి మళ్ళీ లేచిన రోజు మాత్రం, "ఈసారి దీవెనలేవో ముందు నుంచి పడెయ్" అన్నారు. ఆవిడ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది గానీ ఆయన ఎదురుగా నవ్వడం ఇష్టంలేక లోపలికి వెళ్ళిపోయాను.

అసలు యుద్ధం ట్యూనింగ్ దగ్గర. టర్బో గాలి కుక్కుతుంటే దానికి తగ్గ పెట్రోలు పడాలి. తక్కువ పడితే ఇంజిన్‌లో టకటకమని మొదలై పిస్టన్లు కరిగిపోతాయి. రోడ్డు మీద ఒకళ్ళు నడపాలి, ఒకళ్ళు పక్కన కూర్చుని లాప్‌టాప్ చూడాలి. ఎప్పుడూ ఆయనే నడిపేవారు, నేను లాప్‌టాప్ పట్టుకునేదాన్ని. నా కాలి కింద బండి ఎలా ఉందో నాకు తెలియాలి, ఒక్కసారి మారండని అడిగితే, మిషన్ మళ్ళీ జేబులోకి. నేను నడపాలంటే పక్కన మా ఆయన కూర్చోవాల్సిందే. అతను కిటికీలోంచి చెట్లు చూస్తూ ఒక గడిలోది చదవమంటే ఇంకో గడిలోది చదివేవాడు. సగం ట్యూనింగ్ నేను గుడ్డిగా చేశాను. ఆ మొండితనానికి మామగారిని నేను ఇప్పటికీ క్షమించలేదు.

అయినా ఆయన చెప్పిన ఒక మాట తర్వాత నాకు ఉద్యోగంలో కూడా అన్నం పెట్టింది. "అమ్మాయ్, పిల్లాడు ఆకలని అరిచాక పెట్టడం కాదు. అరవబోతున్నాడని తెలిసి ముందే పెట్టాలి" అన్నారు. గాలి వచ్చాక పెట్రోలు పెంచుతున్న నా లెక్కని తిరగేసి, గాలి రాకముందే కొంచెం పెంచాను. టకటక పోయింది. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. ఇంజిన్‌కి స్క్రూడ్రైవర్ ఆనించి, దాని పిడి చెవి వెనక ఎముక మీద పెట్టుకుని ఆయనే తెలుసుకున్నారు. ఏమీ అనలేదు. వంక పెట్టడానికి ఏమీ దొరకని రోజు ఆయన ఏమీ అనేవారు కాదు. మెచ్చుకోలు అంటే ఆ ఇంట్లో అంతే.

నాకు మళ్ళీ ఉద్యోగం వచ్చింది. సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే అప్పుడప్పుడు నా కారు సీటు వెనక్కి జరిపి ఉండేది. ఒకసారి సీటు పక్కన కొత్తిమీర రెబ్బ దొరికింది. పెద్దమనిషి నా పక్కన కూర్చోరు గానీ, నేను ట్యూన్ చేసిన బండిలో ఇండియన్ స్టోర్‌కి షికారు వెళ్ళొస్తున్నారు. పట్టుకుని అడిగాను.

"బండి ఎలా ఉంది మామయ్యగారూ?"

"వస్తున్నా వస్తున్నా అంటుంది. ఎప్పటికో గానీ రాదు" అన్నారు.

"వచ్చాక?"

జేబులో చెయ్యి పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆ వారం ఇంటికొచ్చిన చుట్టాలకి మళ్ళీ "మా కోడలు. కంప్యూటర్ చూస్తుంది" అనే చెప్పారు.

ఈ ఏడు మంచు కరిగేనాటికి ఆయన కాళ్ళు వాచి నడక కష్టమైంది. డాక్టర్ దగ్గరికి నేను తీసుకెళ్తానంటే, కొడుకు వ్యాన్ వచ్చేదాకా సోఫాలో కూర్చున్నారు. చివరిసారి అంబులెన్స్ ఎక్కిస్తుంటే నా కారు వైపు చూసి, "ఆయిలు మార్చావా?" అన్నారు. మార్చానన్నాను. నమ్మినట్టు కనపడలేదు. నాతో ఆయన మాట్లాడిన ఆఖరి మాట అదే. ఇంతకంటే మంచి మాట ఒకటి చెప్పి పోవచ్చు కదా అని నాకు కోపం. ఇప్పుడింట్లో టీలో పంచదార ఎక్కువైందనే మనిషి లేడు. నాతో పోట్లాడటానికి తగ్గ మనిషే లేడు. దీన్ని ప్రేమ అనను. ఏమనాలో తెలియక వారం నుంచి ఏడుస్తున్నాను.

నిన్న ఫ్యూనరల్ హోమ్ నుంచి అస్థికలు తీసుకెళ్ళమని ఫోన్ వచ్చింది. మా ఆయన బంధువుల కోసం ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళాడు. గోడకి రెండు కార్ల తాళాలు వేలాడుతున్నాయి. నేను ఈ కారు తాళమే తీసుకున్నాను. కావాలనే. కాళ్ళు పనిచేసినన్నాళ్ళూ అన్నారుగా.

వాళ్ళిచ్చిన అస్థికల పెట్టె చిన్నదే గానీ చేతికి బరువుగా ఉంది. పక్క సీట్లో పెట్టి స్టార్ట్ చేయగానే బెల్టు పెట్టమని కారు టింగు టింగుమని మొదలుపెట్టింది. పోయాక కూడా గొణుగుడు మానలేదు. బెల్టు తీసి పెట్టె చుట్టూ బిగించాను. నోరు మూసుకుంది.

హైవే ర్యాంపు ఖాళీగా ఉంది. కాలు కిందికి నొక్కాను. ముందు ఏమీ కాలేదు, ఆయనన్నట్టే వస్తున్నా వస్తున్నా అంది. తర్వాత వెనక డిక్కీ కింద నుంచి ఈల మొదలై, వచ్చింది. వీపు సీటుకి అతుక్కుంది. పెట్టె కదల్లేదు. టకటక లేదు, వణుకు లేదు.

"ఇప్పుడు చెప్పండి మామయ్యగారూ, ఎలా ఉంది?" అని పైకే అడిగాను.

ఏమీ అనలేదు.

ఇంటికొచ్చేసరికి అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. "గోదావరికి తీసుకెళ్ళేదాకా ఇంట్లోకి తేకూడదమ్మా. బయటే ఉంచాలి" అన్నారు. ఈ దేశంలో బయటంటే ఎక్కడుంచుతాం? ఆవిడే గరాజ్ వైపు చూశారు. కారు లోపల పెట్టి ఇంజిన్ ఆపాను. బెల్టు విప్పి పెట్టె తీసి ఆయన పనిచేసుకునే బల్ల మీద, ఆ పానా పక్కన పెట్టాను. వెనక మోటారు ఇంకా గుయ్యిమంటోంది. వెళ్ళి డిక్కీ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాను. చేతి కింద సన్నగా వణికి, వణికి, ఊరుకుంది.

"ఆగింది" అన్నాను. చెవి మిషన్ లేదని గుర్తొచ్చి, మళ్ళీ గట్టిగా అరిచాను.