మచ్చలేని తిప్పతీగ

కరోనా తగ్గిన మరుసటి ఏడాది. గుంటూరులో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో మైక్రోబయాలజిస్టుని. రోగి చీములో ఏ క్రిమి ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో చెప్పడం నా ఉద్యోగం. అది చాలదన్నట్టు ఒక పరిశోధన కూడా నెత్తికెత్తుకున్నాను. ఔషధ మొక్కల ఆకుల లోపల, పైకి కనపడకుండా, కొన్ని ఫంగస్‌లు బతుకుతాయి. వాటిని ఎండోఫైట్లు అంటారు. ఆకును స్పిరిటుతో కడిగి, ముక్క కోసి అగార్ ప్లేటులో, అంటే క్రిములు పెంచే జెల్లీ పళ్లెంలో, పెడితే లోపలి ఫంగస్ మెల్లగా బయటికొస్తుంది.

మా ఆసుపత్రిలో చేరిన వినుకొండ వైపు మిర్చి రైతు కోటేశ్వరరావు గారికి షుగరు, కాలికి పుండు. చీములోని క్రిమి ఏ మందుకీ లొంగడం లేదు. కాలు తీయాలేమో అంటున్నారు డాక్టర్లు. నా ఆకుల గోల ఎవరో చెబితే విని, ఆయన తన పొలం గట్టు మీది తిప్పతీగ కోయించి పంపారు. అందులోంచి వచ్చిన ఫంగస్‌ను ఆ క్రిమి పెరిగే ప్లేటు మధ్యలో పెడితే, చుట్టూ క్రిమి పెరగని ఖాళీ వలయం వచ్చింది. దాన్నే జోన్ అంటాం. ఆయన భార్య సామ్రాజ్యం గారు అది చూసి కళ్లొత్తుకున్నారు. ఇది మందు కాదమ్మా, క్రిమిని చంపేది మనిషినీ చంపొచ్చు, పరీక్షలకే ఏళ్లు పడుతుందని మొత్తుకున్నాను. ఆవిడ తలూపారు గానీ నా మాట చెవికెక్కలేదు.

ఇంతలో ఖర్మ కొద్దీ, కొత్త ప్లేట్లలోకి మార్చేకొద్దీ ఆ ఫంగస్ నీరసపడింది. వలయం రావడం మానేసింది. ఎండోఫైట్లతో మామూలే ఈ బాధ. మళ్లీ తీగ కావాలన్నాను. ఈసారి ఆకులు నిగనిగలాడుతూ వచ్చాయి. ఎన్ని ముక్కలు పెట్టినా ఏమీ మొలవలేదు. అనుమానమొచ్చి వార్డుకి వెళ్లి ఆయన్నే అడిగాను.

"మీకిచ్చే ఆకు మచ్చలతో ఉంటే ఏం బాగుంటదండీ? చేనుకి బూడిద తెగులు మందు కొట్టేటప్పుడు, దానికీ బాగా తడిసేటట్టు కొట్టించాను."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బూడిద తెగులు కూడా ఫంగసే. దాన్ని చంపే మందు ఆకు లోపలికి దిగి, మేం వెతికేదాన్నీ చంపేసింది.

కాలు మోకాలి కింద తీసేశారు. చూడ్డానికి వెళితే, ఆ మందు కొట్టకపోతే కాలు దక్కేదా అని అడిగారు. లేదండీ, ఫంగస్ బతికున్నా ఇంతలో మందయ్యేది కాదు, మీ తప్పేం లేదన్నాను. ఉన్న నిజమే చెప్పాను. ఆయన ముఖం ఇంకా వాడిపోయింది.

"అట్లా అనకండి మేడమ్. నేనే చెడగొట్టుకున్నానంటే, ఒక దారంటూ ఉండేదనైనా అనుకోవచ్చు."

మందు తయారవడానికి ఏళ్లు పడుతుందని మా రిపోర్టుల్లో తేలిగ్గా రాసేస్తాం. ఆ ఏళ్లు ఎవరి ఒంట్లోంచి పోతాయో ఆ మంచం పక్కన నిలబడ్డాకే నాకు అర్థమైంది.