లూసర్న్‌లో నలభై నిమిషాలు

2023 మార్చి. డాలస్ పక్కన కాపెల్‌లో నాదో చిన్న ట్రావెల్ ఆఫీసు. వచ్చేవాళ్ళంతా దాదాపు మనవాళ్ళే. స్విట్జర్లాండ్ అంటే మనవాళ్ళకి మంచుకొండ, మధ్యాహ్నం ఇండియన్ లంచ్. ఐటినరరీ, అంటే రోజువారీ ప్రయాణ పట్టిక, కళ్ళు మూసుకుని వేసేస్తానని గొప్పలు పోయేదాన్ని.

ఆ రోజు రిటైరైన డాక్టర్ ప్రసాద్ అంకుల్, సుభద్ర ఆంటీ వచ్చారు. ఆంటీకి చూపు మెల్లగా పోతోంది. ఇంకో ఏడాది నిలిస్తే గొప్పేనట.

“కొండలవీ వద్దమ్మా, లూసర్న్ ఊరు చాలు. ఆ చెక్క వంతెన కప్పు కింద పాతకాలం బొమ్మలున్నాయటగా, ఒక్కోటీ నిలబడి చూడాలి,” అన్నారు ఆంటీ. “నువ్వు చూశావా?”

“చూడకపోవడమేంటి ఆంటీ!” అని అందుకున్నాను. వంతెన పక్కన నీళ్ళలో నిలబడ్డ రాతి బురుజు, కొండరాతిలో చెక్కిన సింహం, గోడల నిండా రంగులేసిన ఇళ్ళు, కోటగోడ మీది గడియారం, సరస్సులో స్టీమర్లు. అన్నీ బ్రోషర్‌లో చదివినవే. నేను యూరప్ మొహమే చూడలేదు.

మంచు చూపించకపోతే రేపు నన్నే అంటారనుకుని, అలవాటుగా గ్రూప్ ప్యాకేజీలో పడేశాను. రాత్రి బస లూసర్న్‌లోనే, పగలంతా కొండల మీద. ఊరికి మిగిలింది నలభై నిమిషాల ఫొటో స్టాప్, అంటే బస్సు దిగి ఫొటోలు దిగి ఎక్కేయడం. అంకుల్‌కి మాత్రం ‘లూసర్న్, మూడు రోజులు’ అని మెయిల్ చేశాను.

జూన్‌లో ట్రిప్ నుంచి తిరిగొచ్చి, చాక్లెట్ డబ్బా పట్టుకుని ఇద్దరూ ఆఫీసుకి వచ్చారు.

“ఐదో బొమ్మ దగ్గరుండగానే లంచ్‌కి లేటవుతోందని గైడ్ పిలిచేశాడు,” అన్నారు అంకుల్. “బస్సులో అందరూ వెయిటింగ్. ఏం చేస్తాం?”

“పోనీలెండి,” అన్నారు ఆంటీ. “అమ్మాయి తీరిగ్గా చూసిందిగా. మిగతా బొమ్మల్లో ఏముందో నువ్వు చెప్పమ్మా, వింటాను.”

సిగ్గుతో చచ్చిపోయాను. “నేనసలు వెళ్ళనేలేదు ఆంటీ. అబద్ధం చెప్పాను.”

అంకుల్ లేచి బయటికి వెళ్ళిపోయారు. ఆంటీ మాత్రం, “నేను అడిగింది వినుంటే సరిపోయేది కదమ్మా,” అన్నారు. తిట్టినా బాగుండేది.

ఆ అక్టోబర్‌లో నేనొక్కదాన్నే వెళ్ళాను. ఏ కొండా ఎక్కలేదు. వంతెన మీద మూడు రోజులు నిలబడి ఒక్కో బొమ్మా నోట్‌బుక్‌లో రాసుకొచ్చాను. తిరిగొచ్చి, ఆంటీ వంటింట్లో కూర్చుని ఆవిడకి చదివి వినిపించాను. అప్పటికి ఆవిడ కాఫీ కప్పుని చేత్తో తడిమి అందుకుంటున్నారు.

ఇప్పుడు చూడని ఊరిని చూశానని ఎవరికీ చెప్పను. వచ్చినవాళ్ళు అడిగింది వాళ్ళ మాటల్లోనే ముందు రాసుకుంటాను. అయినా ఆ సిగ్గు పోలేదు. ఆ రోజు వంటింట్లో చదువుతుంటే, ఐదో బొమ్మ అయ్యాక ఆంటీ నా చెయ్యి పట్టుకుని ఆపారు.

“ఇంతవరకూ నేనే చూశాను. ఇక మెల్లగా చదువు.”