పాస్ మార్కుల క్లాసు

నడికుడి అవతల ఓ పల్లెటూరి హైస్కూల్లో పున్నారావు లెక్కల మాస్టారు. చెడ్డవాడేం కాదు, ఆ మాట ముందే చెప్పాలి. ఏటా ఆరూ ఏడూ తరగతుల పిల్లల్ని పొద్దున్నే బడి తెరవకముందే కూర్చోబెట్టి, పైసా తీసుకోకుండా గురుకులం ప్రవేశ పరీక్షకి తర్ఫీదు ఇచ్చేవాడు. సీట్లొచ్చేవి. ఊరి సెంటర్లో ఫ్లెక్సీ కట్టేవాళ్ళు, అందులో పిల్లల పక్కన ఈయన ఫొటో కూడా. ఎవరికి చేదు?

చురుకైనవాళ్ళంతా అట్టా వెళ్ళిపోతే, ఉన్నవాళ్ళతో పదో తరగతి నడవాలి. పైవాళ్ళేమో ఒక్కరు కూడా తప్పకూడదంటారు. దాంతో ఈ పెద్దమనిషి ఏం చేశాడయ్యా అంటే, పుస్తకం మూసేసి, పాసవడానికి సరిపడా ప్రశ్నలు జిరాక్స్ తీయించి పంచాడు. బట్టీ పట్టండి చాలన్నాడు.

ఏడో తరగతిలో గురుకులం సీటు కొద్దిలో పోయిన నిహారిక ఆ కాగితాలు పట్టుకుని లేచింది. "సార్, ఈ సూత్రం ఎట్టా వచ్చింది?"

"అయ్యన్నీ గురుకులం పిల్లలకమ్మా. నీకెందుకు? ఇది రాస్తే పాసవుతావు," అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆయనా నవ్వాడు.

ఆ పిల్ల మళ్ళీ ఏదీ అడగలేదు. మిరప కోతలు మొదలయ్యేసరికి బడికే రావడం మానేసింది. తల్లి రత్తమ్మతో కూలికి పోతోందని తెలిసి, పున్నారావు బండేసుకుని చేను దగ్గరికి వెళ్ళాడు.

"పరీక్షలు దగ్గరపడుతుంటే ఇదేందమ్మా?" అన్నాడు గట్టు మీంచే.

నిహారిక కాయ కోస్తూనే మర్యాదగా చెప్పింది. "ఆ కాగితాలు మొత్తం వచ్చేసినయ్ సార్. ఇంకేం చెప్తారు మాకు? పరీక్ష రోజు వచ్చి రాసిపోతాలెండి."

పున్నారావుకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. తిట్టినా బాగుండేది. నిద్ర చెడగొట్టుకుని చెప్పిందంతా బడి వదిలి వెళ్ళేవాళ్ళకి. తనని నమ్ముకుని ఉన్నవాళ్ళకి మాత్రం ఆ నాలుగు కాగితాలు.

"రామ్మా. రేపట్నుంచి పుస్తకం మొదట్నుంచీ చెప్తా," అన్నాడు. గొంతు బతిమాలుతున్నట్టే ఉంది.

రత్తమ్మకి ఆయన్ని చూస్తే జాలేసింది. "సారు ఎండన పడొచ్చాడే. వస్తానని చెప్పవే," అంది.

నిహారిక తలెత్తింది. "వస్తాను సార్," అంది, చంటిపిల్లాణ్ణి ఊరుకోబెట్టినట్టు.

రాదని రత్తమ్మకీ తెలుసు, ఆయనకీ తెలుసు. తన పరువు కోసం ఆ పిల్ల చేత అబద్ధం చెప్పించుకుని, "మంచిదమ్మా" అని బండి తిప్పుకున్నాడు.