కుర్చీ దిగని సెకిట్టో

మసాకా ఊరి చుట్టుపక్కల ఎవరింట పెళ్లిమాటలైనా, మగపెళ్లివారు ముందుగా వాకబు చేసేది సెకిట్టోకు ఆ శనివారం ఖాళీ ఉందా లేదా అని. ఆడపెళ్లివారి పందిట్లో కూర్చుని, వాళ్ల తరఫున మాట్లాడే మాటపెద్ద విసిరే ఎత్తిపొడుపులన్నిటికీ నవ్వుతూ బదులిచ్చి, పిల్లను ఇప్పించుకు రావడం ఆయన పని. మగపెళ్లివారి మాటపెద్ద మధ్యలో లేచాడంటే సంబంధం వదులుకున్నట్టే లెక్క. ఇరవై ఏళ్లలో సెకిట్టో ఒక్కసారీ లేచింది లేదు. అందుకే కుర్చీ దిగని సెకిట్టో అని పేరు పడింది.

ఆ పేరును మంటగలపడానికే అన్నట్టు షుగర్ బిళ్ల దాపురించింది. వేసుకున్న కాసేపటికే కడుపులో గుడగుడ మొదలవుతుంది. ఆపైన మనిషి ఎక్కడున్నాడో, ఎవరితో మాట్లాడుతున్నాడో దానికి అక్కర్లేదు. పాదాల దాకా వేలాడే తెల్లటి కాంజూ అంగీని రెండు చేతులా ఎత్తిపట్టుకుని పరిగెత్తడం ఎంత అవస్థో తొడుక్కున్నవాడికే తెలుసు. విసిగిపోయి శనివారాలు బిళ్ల మానేశాడు. తర్వాత శుక్రవారాలు కూడా. చివరికి కాలి బొటనవేలి పుండు మానక నల్లబడితే ఆరోగ్యకేంద్రంలో నర్సమ్మ కసిరింది.

"ఇలాగే మానేస్తూ పో తాతా, వేలు తీసేయాల్సొస్తుంది. తిని వేసుకో, కడుపు కాస్త కుదురుగా ఉంటుంది."

మొదటి మాటకు భయపడి మళ్లీ రోజూ బిళ్ల మొదలెట్టాడు. రెండోది చెవికెక్కలేదు.

కిజ్జా అనే కుర్రాడి పెళ్లిమాటల రోజు పొద్దున్నే భార్య నబ్బోసా ఒక చేత్తో బిళ్ల, ఇంకో చేత్తో ఉడికించిన కర్రపెండలం పట్టుకొచ్చింది.

"ముందు తిను."

"పెళ్లిమాటలకెళ్తూ ఇంట్లో తినేవాడెవడే? అక్కడ వడ్డించింది మిగిలిస్తే, మా వంట నచ్చలేదా అని ఏడాదంతా దెప్పుతారు."

"ఖాళీ కడుపున ఆ బిళ్ల..."

"లోపల ఏమీ లేకపోతే బయటికొచ్చేదేముంది? కాస్త బుర్ర వాడు!"

పాలూ పంచదారా లేని టీతో బిళ్ల మింగి బయల్దేరాడు. దారంతా తన తెలివికి తానే మురిసిపోయాడు.

పందిట్లో ఆడపెళ్లివారి మాటపెద్ద బ్వానిక కాలు మీద కాలేసుకుని మొదలెట్టాడు.

"ఎవరయ్యా మీరంతా? దారి తప్పొచ్చారా?"

"తప్పలేదు బావగారూ. మీ పెరట్లో చక్కటి పువ్వు పూసిందని విని వచ్చాం."

"మా పెరట్లో మేకలు తప్ప ఏమీ లేవే!"

జనం గొల్లున నవ్వారు. దీనికి సెకిట్టో దగ్గర మంచి జవాబుంది. నోరు తెరిచేసరికి కడుపు మెలితిప్పింది. బ్వానిక అమ్మాయిల్ని గుంపులు గుంపులుగా రప్పిస్తున్నాడు. వాళ్లు మోకాళ్లూని పలకరించడం, మీ పిల్ల ఈ గుంపులో ఉందా అని అతను అడగడం, వీళ్లు లేదనడం. సెకిట్టో బిళ్లను తిట్టుకున్నాడు. ఇన్ని మాటలు కనిపెట్టిన తాతముత్తాతల్నీ తిట్టుకున్నాడు. మరుగుదొడ్డి ఇంటి వెనక ఎక్కడో ఉంది. సంబంధం ఒప్పుకునేదాకా మగపెళ్లివారు పందిరి దాటకూడదు.

"బావగారూ, కొంచెం తొందరగా..."

"తొందరా? పిల్లనడగడానికొచ్చారా, బస్సు పట్టుకోవడానికా?"

మళ్లీ నవ్వులు. పక్కనుంచి పెళ్లికొడుకు కిజ్జా ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "బాబాయ్, లేవకు. పిల్ల వాళ్ల నాన్నను ఒప్పించడానికే రెండేళ్లు పట్టింది. నీ కాళ్లు పట్టుకుంటా."

సెకిట్టో లేచాడు.

"అదిగో, కుర్చీ దిగాడు!" బ్వానిక చప్పట్లు కొట్టాడు. "పిల్ల వద్దన్నమాట!"

"వద్దనేది పిల్లను కాదయ్యా, ఆ దిక్కుమాలిన బిళ్లను!" సెకిట్టో గొంతు చిరిగేలా అరిచాడు. "షుగరు నాకు. వేసుకుంటే కడుపాగదు, మానేస్తే కాలు దక్కదు. ఏం చేసి చావమంటావు? మీ దొడ్డెక్కడో చెప్పు ముందు!"

ఎవరూ నవ్వలేదు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, సిగ్గుతో సగం, కోపంతో సగం. చాప మీద నుంచి పెళ్లికూతురి మేనత్త నాల్వోగా లేచింది. ఆ ఇంట్లో పెళ్లి సంగతుల్లో ఆవిడ మాటే చివరి మాట.

"తిని వేసుకున్నావా?"

"లేదు."

"మా ఆయనకూ షుగరే, ఆయనా ఇంతే మొండి. దొడ్డి అరటి చెట్ల పక్కన. వెళ్లు!"

ఆయన తూలుకుంటూ తిరిగొచ్చేసరికి కుర్చీ ముందు నాల్వోగా అరటాకుల మూట విప్పుతోంది. అరటికాయలు ఉడికించి మెదిపిన మతోకే ముద్ద పొగలు కక్కుతోంది, పక్కనే వేరుశనగ పులుసు. బ్వానిక లబలబలాడాడు.

"అత్తా, ఇంకా ఒప్పుకోలేదు! వడ్డిస్తే ఒప్పుకున్నట్టే కదా!"

"అయితే ఒప్పుకున్నాం. ఆకలితో ఉన్న మనిషిని మాట్లాడించి చంపుకుంటామా? కూర్చో నువ్వు."

ఆడవాళ్లు సంబరంగా నాలుకలాడిస్తూ కేకలు వేశారు. కిజ్జా ఎగిరి గంతేశాడు. సెకిట్టో మాత్రం మూతి ముడుచుకుని తిన్నాడు. వారం రోజులు నెమరేసుకున్న మాటల్లో పైకొచ్చింది ఒక్కటే. ఇప్పుడు పిల్లను గెలిచింది తన నోరు కాదు, తన కడుపు. ఆ ఉక్రోషం సగం ముద్ద దిగినా దిగలేదు.

ఎవరో పెద్దాయన వంగి, వచ్చే శనివారం తమ వాడికి పిల్లనడగడానికి రమ్మన్నాడు. సెకిట్టో చేతికంటిన పులుసు నాకాడు.

"వస్తా. ఇంట్లో తినేసే వస్తా, ఎవరూ దెప్పడానికి వీల్లేదు. ఇంకోటి. నా కుర్చీ ముందు వరసలో వద్దు. ఆ ఇంటి దొడ్డి ఏ అరటి చెట్ల పక్కనుంటే అటు వేయించు."